అందరూ రాగలిగే మలేరియా సదస్సు పెట్టాలంటే

మలేరియా మీద సైన్సు సదస్సు పెడదామని ఎవరైనా నా దగ్గరికి వస్తే, హాలు గురించో ముఖ్య వక్త గురించో వెంటనే మాట్లాడనివ్వను. ముందు రెండు జాబితాలు రాయమంటాను. మొదటిది, జబ్బు ఎక్కడుందన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 26.3 కోట్ల కేసులు, 5.97 లక్షల మరణాలు. కేసుల్లో 94 శాతం, మరణాల్లో 95 శాతం ఆ సంస్థ లెక్కలో ఆఫ్రికా ప్రాంతం కిందికి వచ్చే దేశాల్లోనే. కేసుల్లో నైజీరియా ఒక్కదాని వాటాయే దాదాపు నాలుగో వంతు. రెండో జాబితా, మీవాళ్లు పోయినసారి పెట్టిన సదస్సులో వేదికెక్కి మాట్లాడినవాళ్లు ఏయే దేశాల్లో పనిచేస్తున్నారన్నది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు ఇంక నేను చెప్పాల్సిందేమీ ఉండదు.

నేను కొన్నేళ్లు పరాన్నజీవుల ల్యాబులో పనిచేసి, తర్వాత సదస్సుల ఏర్పాట్ల వైపు వచ్చినదాన్ని. ఈ పనిలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఎవరు వస్తారు, ఎవరు రాలేరు అన్నది ఏడాది ముందే, క్యాలెండరు దగ్గరా బడ్జెట్ షీటు దగ్గరా తేలిపోతుంది. ఆ తర్వాత ఆహ్వానపత్రం మీద "అందరికీ స్వాగతం" అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా ఒరిగేదేం లేదు. అందుకే ఈ రాతలో సగానికి పైగా సదస్సు మొదలుకాకముందు చేయాల్సిన పనులే ఉంటాయి.

కమిటీ గురించి రెండు మాటలు చాలు. ప్రొఫెసర్లతో పాటు ఒక దేశపు మలేరియా నియంత్రణ కార్యక్రమంలో పనిచేసేవాళ్లు, ఊళ్లలో దోమలు పట్టే కీటక శాస్త్రజ్ఞులు, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, వైకల్యం ఉన్న పరిశోధకులు ఉండాలి. లెటర్‌హెడ్ మీద పేరుంటే సరిపోదు. వక్తల ఎంపికలో, డబ్బు ఖర్చులో వాళ్ల మాట చెల్లాలి.

తేదీ

తేదీ విషయంలో మలేరియావాళ్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. జబ్బుకి సీజన్ ఉంటుంది. వానలు పడి దోమలు పెరిగే నెలల్లో ఫీల్డ్ మనుషులు ఊళ్లు వదిలి కదల్లేరు. ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతంలో వానాకాలమంతా చిన్నపిల్లలకి నెలనెలా ముందుజాగ్రత్త మందులిచ్చే కార్యక్రమం నడుస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా అక్కడివాళ్లకి ఊపిరాడదు. యూరప్, అమెరికా యూనివర్సిటీలకి సెలవులున్నాయి కదా అని ఆగస్టులో సదస్సు పెడితే, ఆ డేటా సేకరించే మనుషుల్నే బయట పెట్టినట్టు.

ఇంకోటి, ఏప్రిల్ 25 ప్రపంచ మలేరియా దినోత్సవం. ఆ వారంలో సదస్సు పెడితే ప్రచారం బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది. కానీ నియంత్రణ కార్యక్రమాల అధికారులు ఆ రోజు తమ తమ దేశాల్లో మంత్రుల వెంట సభల్లో ఉండాలి. వారం ముందో, రెండు వారాలు తర్వాతో పెట్టుకుంటే ఏం పోదు. రంజాన్ ఎప్పుడొస్తుందో, పెద్ద పండగలు ఎప్పుడున్నాయో చూసుకోవడం ఎలాగూ తప్పదు.

వేదిక, వీసా

ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

వేదిక ఎంచుకునేటప్పుడు విమానాశ్రయం ఎంత దూరం, హోటళ్లు ఎన్ని అని అందరూ చూస్తారు. నేను అడిగేది వేరు. మీరు పిలవాలనుకున్నవాళ్లలో ఎంతమందికి ఆ దేశం వెళ్లడానికి వీసా కావాలి? ఆ దేశ రాయబార కార్యాలయం వాళ్ల దేశంలో ఉందా, లేక వేలిముద్రలు ఇవ్వడానికి పక్క దేశానికి వెళ్లి రావాలా? పాస్‌పోర్టు ఎన్ని వారాలు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు? 2022లో మాంట్రియల్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సుకి ఆఫ్రికా నుంచి రావాల్సిన చాలామందికి వీసాలు రాక, వచ్చినా సమయానికి అందక పెద్ద గొడవే అయింది. అంత పెద్ద సదస్సుకే అలా జరిగితే, మూడొందల మంది వచ్చే మన సదస్సు ఏపాటి? మరోవైపు 2024 ఏప్రిల్‌లో 8వ పాన్-ఆఫ్రికన్ మలేరియా సదస్సు రువాండా రాజధాని కిగాలీలో జరిగింది. అన్ని దేశాలవాళ్లకీ దిగగానే వీసా ఇచ్చే దేశం అది. ఈ పరంపరలో మొదటిది 1997లో డాకర్‌లో జరిగింది. ఆ తర్వాత డర్బన్, అరూషా, యావుండే, నైరోబీ, అన్నీ ఆఫ్రికా నగరాలే. జబ్బున్న చోటికే సదస్సు వెళ్లడం సాధ్యమేనని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు.

వేరే దారి లేక వీసా కష్టమైన దేశంలోనే పెట్టాల్సి వచ్చిందనుకుందాం. అప్పుడు క్యాలెండరుని వెనక నుంచి ముందుకి లెక్కేసుకోండి. సదస్సు మొదటి రోజుకి కనీసం ఐదు నెలల ముందు అబ్‌స్ట్రాక్టుల (మాట్లాడాలనుకునేవాళ్లు ముందే పంపే పరిశోధన సారాంశాల) ఫలితాలు చెప్పేయాలి. ఫలితం చెప్పిన వారంలోపే ఆహ్వాన లేఖ చేతికందాలి. ఈ లేఖని చాలామంది టెంప్లేట్‌లో పేరు మార్చి పంపేస్తారు. అది వీసా అధికారి చదివే కాగితమని గుర్తుండదు. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా, అదే వరుసలో ఉండాలి. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు వేయాలి. "సదస్సులో పాల్గొనడానికి" అని ఊరుకోకుండా, ఏ రోజు, ఏ సెషన్‌లో, ఏ విషయం మీద మాట్లాడతారో రాయాలి. టికెట్టు ఎవరు కొంటున్నారు, బస ఎక్కడ, రోజు ఖర్చులు ఎవరివి, బీమా ఉందా అన్నవి విడివిడి వాక్యాల్లో ఉండాలి. చివర ఒక మనిషి పేరు, సంతకం, ఫోన్ నంబరు. ఆ నంబరుకి రాయబార కార్యాలయం నుంచి కాల్ వస్తే ఎత్తేవాళ్లుండాలి. ఎత్తినవాళ్లకి ఆ అభ్యర్థి ఎవరో తెలిసుండాలి. ఎవరూ ఎత్తని ఫోన్ నంబరు ఇచ్చి, తర్వాత "అయ్యో, వీసా రాలేదట" అనుకునేవాళ్లని చాలామందిని చూశాను.

ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ సంగతి కూడా అదే మెయిల్లో చెప్పేయండి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. వెళ్లే ముందురోజు గుర్తొస్తే పనికిరాదు. దారిలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో టికెట్టు కొనకముందే చూడాలి. చవకగా వస్తోందని మీ ట్రావెల్ ఏజెంట్ పట్టుకొచ్చిన రూటు, ఒక్కోసారి మనిషిని మొదటి విమానమే ఎక్కనివ్వదు.

డబ్బు

ట్రావెల్ గ్రాంట్ ఇస్తున్నామని గొప్పగా ప్రకటించి, కింద సన్న అక్షరాల్లో "ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తాం" అని రాస్తారు. దాన్ని నేను సాయం అనను. కొన్ని నెలల జీతాన్ని మించిన టికెట్టు డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ల దగ్గర. నాకు తెలిసిన ఒక కుర్రాడు, కీటకనాశినుల్ని తట్టుకునే దోమల మీద మంచి పని చేసినవాడు, బంధువుల దగ్గర అప్పు చేసి ఒక సదస్సుకి వెళ్లొచ్చాడు. ఆ డబ్బు తిరిగి రావడానికి ఎన్ని మెయిళ్లు రాశాడో! బోర్డింగ్ పాస్ స్కాన్ మసకగా ఉందని ఒకసారి, బ్యాంకు కోడు సరిపోలేదని ఒకసారి. ఆ తర్వాత వచ్చిన పిలుపుకి రానన్నాడు. ఇది నిర్వాహకులకి ఏ లెక్కలోనూ కనిపించదు.

చేయాల్సింది తేలికే. టికెట్టు మీరే కొనండి. హోటలుకి మీరే కట్టండి. రోజు ఖర్చుల డబ్బు దిగిన రోజే చేతిలో పెట్టండి. వీసా ఫీజు, దానికోసం చేసిన ప్రయాణం, బీమా కూడా గ్రాంటులోనే కలపండి. చంటిబిడ్డతో వచ్చేవాళ్లుంటే బిడ్డకీ, తోడు వచ్చేవాళ్లకీ అడిగే వీలుండాలి. రిజిస్ట్రేషన్ ఫీజుని ప్రపంచ బ్యాంకు చేసిన దేశాల ఆదాయ వర్గీకరణ ప్రకారం మెట్లుమెట్లుగా పెట్టొచ్చు, విద్యార్థులకి ఇంకా తగ్గించొచ్చు. ఒక్కటి మాత్రం చేయకండి: గ్రాంటుతో వచ్చినవాళ్ల బ్యాడ్జీకి వేరే రంగు. ఈ మాట రాయాల్సి వస్తోందంటేనే మీకు అర్థమయ్యుండాలి.

డబ్బు చాలకపోతే ఎక్కడ కోయాలని అడుగుతారు. సంచులు, పెన్నులు, డిన్నరులో సంగీతం. వాటి తర్వాతే మిగతావి.

అబ్‌స్ట్రాక్టులు, వేదిక మీద మనుషులు

అబ్‌స్ట్రాక్టులు పేర్లు, సంస్థలు తీసేసి చదివించండి. మార్కుల పట్టికలో "భాష బాగుందా" అన్న గడి ఉంటే కొట్టేయండి. సైన్సు ఉందా, లెక్క సరిగా వేశారా, పని కొత్తదా అన్నవి చాలు. గడువుకి నెల ముందు, కావాల్సినవాళ్లకి రాత సరిదిద్దిపెట్టే సీనియర్లని ఓ పదిమందిని సిద్ధంగా ఉంచితే ఇంకా మంచిది.

అణుస్థాయి జీవశాస్త్రానికి నాలుగు సెషన్లిచ్చి, దోమతెరల పంపిణీ, ర్యాపిడ్ టెస్టులు, ఊరి ఆరోగ్య కార్యకర్తల పని అన్నీ కలిపి చివరి రోజు మధ్యాహ్నం ఒక్క సెషన్‌లో కుక్కేయడం మామూలైపోయింది. చాలా ర్యాపిడ్ టెస్టులు వెతికే ప్రోటీన్ హెచ్‌ఆర్‌పీ2. దాని జన్యువు లేని ఫాల్సిపారం (మలేరియా పరాన్నజీవుల్లో ఒక రకం) ర్యాపిడ్ టెస్టుకి దొరకడం లేదంటే, అది ల్యాబు సమస్యా, ఊళ్లో క్లినిక్ సమస్యా? రెండూ. మరి ఆ ఇద్దర్నీ ఒకే సెషన్‌లో కూర్చోబెట్టండి. అనాఫిలిస్ స్టీఫెన్సై విషయమూ అంతే. 2012లో జిబూతీలో బయటపడ్డ ఈ ఆసియా దోమ ఇప్పుడు ఆఫ్రికా నగరాల్లో పాకుతోంది. దీని మీద జన్యుక్రమం చదివినవాళ్లు ఎంత మాట్లాడాలో, నీళ్ల ట్యాంకుల్లో లార్వాలు వెతికినవాళ్లూ అంత మాట్లాడాలి.

ఒక నియమం పెట్టుకోండి: ఏ దేశపు రక్త నమూనాల మీద పని జరిగిందో, రచయితల్లో ఆ దేశపు పరిశోధకులు లేకపోతే ఎందుకు లేరో అబ్‌స్ట్రాక్టులోనే ఒక వాక్యం రాయాలి. ఉంటే, మాట్లాడే అవకాశం మొదట వాళ్లకే ఇవ్వాలి. ఈ నియమం పెట్టినప్పుడు కొందరు పెద్దలు మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి.

ఈ రంగంలో ఎవరి పేరు నిలబడుతుందన్నది పాత కథే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, ఒక్కో దోమకి అణా చొప్పున ఇచ్చారు. రాస్ పేరు బడిపిల్లలకీ తెలుసు. ఇప్పటికీ టీకా ట్రయల్స్‌లో చేరేవాళ్లు, రాత్రంతా కూర్చుని దోమలు పట్టేవాళ్లు, ఇన్సెక్టరీలో, అంటే ల్యాబులో దోమలు పెంచే గదిలో, రోజూ లార్వాలకి మేత వేసే టెక్నీషియన్లు సదస్సుల్లో "కృతజ్ఞతలు" స్లైడులో మూడు సెకన్లు కనిపిస్తారు. వాళ్లకి సగం రోజు ఇవ్వండి. రక్తపు స్లైడు చదవడంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెవెల్ 1 గుర్తింపు ఉన్న మైక్రోస్కోపిస్టు ఒకరు, మందపు పూతలో పరాన్నజీవిని ప్లేట్‌లెట్ నుంచి ఎలా విడదీస్తారో చూపిస్తుంటే, చుట్టూ ప్రొఫెసర్లు నోట్స్ రాసుకోవడం నేను చూశాను. ఊరి ఆరోగ్య కార్యకర్తనో, ట్రయల్‌లో బిడ్డని చేర్చిన తల్లినో పిలిస్తే, ప్రారంభ సభలో కన్నీళ్లు పెట్టించే కథ చెప్పించి పంపేయకండి. సెషన్‌లో కూర్చోబెట్టండి, మిగతా వక్తలకి ఇచ్చే గౌరవ వేతనమే ఇవ్వండి, ఏం చెప్పాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

భాష, తెర, మైకు

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో అధికార భాష ఫ్రెంచి, మొజాంబిక్‌లో పోర్చుగీసు. రెండూ మలేరియా భారం ఎక్కువున్న దేశాలు. ఇంగ్లిషు ఒక్కదాంతో నడిపితే ఎవరు నోరు మూసుకుని కూర్చుంటారో చెప్పక్కర్లేదు. అప్పటికప్పుడు అనువదించేవాళ్లని పెట్టుకుంటే, స్లైడులు వాళ్లకి రెండ్రోజుల ముందే ఇవ్వండి. స్పోరోజాయిట్, గామెటోసైట్, హిప్నోజాయిట్ లాంటి పరాన్నజీవి దశల పేర్లు, మందుల పేర్లు, పొట్టి పేర్లు అన్నీ ఒక పట్టికగా ఇవ్వండి. మెషీన్ క్యాప్షన్లు వాడినా అదే పట్టిక ముందే ఎక్కించాలి. లేకపోతే ఫాల్సిపారం తెర మీద ఏ అవతారంలో వస్తుందో ఊహించలేరు. వినికిడి లోపం ఉన్నవాళ్లు రిజిస్టరైతే మాత్రం మెషీన్‌ని నమ్ముకోవద్దు, మనిషినే పెట్టండి.

రంగుల గురించి నాకు కాస్త పట్టింపు ఎక్కువ. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు బొమ్మల్లో ఎర్ర రక్తకణం పొర ఎరుపు, పరాన్నజీవి ప్రోటీన్ ఆకుపచ్చ, రెండూ కలిసిన చోట పసుపు అని చూపించడం మనవాళ్లకి అలవాటు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లకి అది మొత్తం ఒకే మురికి రంగు మచ్చ. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు పన్నెండు మందిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుంది. ఎరుపు బదులు మెజెంటా పెడితే చాలు, కలిసిన చోటు తెల్లగా వస్తుంది. పక్కనే ఒక్కో రంగు చానెల్‌నీ విడిగా నలుపు-తెలుపులో పెడితే ఇంకా స్పష్టం. మందు తీసుకున్న గుంపుకీ తీసుకోని గుంపుకీ గీతలు గీసేటప్పుడు రంగుతో పాటు ఒకటి చుక్కల గీత, ఒకటి నిండు గీత చేయండి. ఇదంతా వక్తలకి రాసే మెయిల్లో ఒక పేరా, అంతే. మరో పేరాలో, తెర మీద ఉన్నదాన్ని నోటితో చెప్పమనండి. "ఇక్కడ చూస్తున్నట్టుగా" అంటే చూపు సరిగా లేనివాళ్లకి ఏం తెలుస్తుంది? "ఇరవై ఎనిమిదో రోజుకి పై గీత సగానికి పడిపోయింది" అంటే అందరికీ తెలుస్తుంది.

ఇక మైకు. "నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అనే పెద్దమనిషి ప్రతి హాల్లోనూ ఒకరుంటారు. మైకు అనువాదకులకి, వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకి, ఆన్‌లైన్‌లో వింటున్నవాళ్లకి. ఆయన గొంతుతో దానికి సంబంధం లేదు.

ప్రశ్నల సమయం అధ్యక్షత వహించేవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లకి ముందురోజు పది నిమిషాలు కేటాయించి చెప్పండి: మొదటి ప్రశ్న విద్యార్థులకో, అప్పటిదాకా నోరు విప్పనివాళ్లకో ఇవ్వాలని. 2018లో వెలువడిన ఒక అధ్యయనం సెమినార్లని గమనించి, మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగితే ఆ తర్వాత ఆడవాళ్ల ప్రశ్నలు తగ్గుతున్నాయని చెప్పింది. కాగితం మీద ప్రశ్న రాసి పంపే ఏర్పాటు కూడా ఉంటే, రెండో భాషలో మాట్లాడటానికి తడబడేవాళ్లూ అడగగలుగుతారు.

హాలు చుట్టూ

ర్యాంపు ఉందని హోటలువాళ్లు ఫోన్లో చెప్తే నమ్మకండి, వెళ్లి చూడండి. వేదిక మీదికి ర్యాంపు ఉందా అన్నది ఎవరూ అడగరు. వీల్‌చైర్లో ఉన్న మనిషి ప్రేక్షకుల్లోనే ఉంటారని అందరికీ ఓ నమ్మకం. పోస్టర్ల వరసల మధ్య రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా దాటిపోయేంత చోటుండాలి. పోస్టర్ల సమయం రాత్రి ఎనిమిదింటికి, చేతిలో వైన్ గ్లాసులతో పెడితే పిల్లలున్నవాళ్లూ, మద్యం ఉన్న చోట నిలబడనివాళ్లూ వెళ్లిపోతారు. పగలే పెట్టండి.

పాలిచ్చే తల్లులకి గది అంటే లోపల గడియ, కుర్చీ, ప్లగ్గు, చేతులు కడుక్కునే చోటు, పాలు పెట్టుకోవడానికి విడిగా ఫ్రిజ్. బాత్రూమ్ పక్కన కుర్చీ వేసి బోర్డు తగిలిస్తే గది అయిపోదు. ప్రార్థనకి ఒక గది, మాటల హోరు నుంచి తప్పుకుని కూర్చోవడానికి ఒక గది విడివిడిగా ఉండాలి.

ప్రవర్తన నియమావళి అందరూ రాస్తారు. ఫిర్యాదు ఎవరికి చేయాలన్నది సరిగా రాయరు. మలేరియా పరిశోధన చిన్న ప్రపంచం. వేధించిన మనిషే రేపు మీ గ్రాంటు దరఖాస్తు చదివే కమిటీలో ఉండొచ్చు. అందుకే ఫిర్యాదు తీసుకునే ఇద్దరిలో ఒకరైనా ఈ రంగానికి పూర్తిగా బయటివాళ్లయి ఉండాలి. బ్యాడ్జీ తీసుకుని ఇంటికి పంపే అధికారం వాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఆన్‌లైన్‌లో చేరేవాళ్లకి వీడియో లేకుండా మాట మాత్రమే వినే మార్గం ఉంచండి, డేటా ఖర్చు తగ్గుతుంది. పోస్టర్లు చిన్న సైజు పీడీఎఫ్‌లుగా పెట్టండి. ప్రచురించని ఫలితాలు చూపించేవాళ్లు వద్దంటే రికార్డు చేయకూడదు, ఫోటో తీయకూడదు. "ఫోటో వద్దు" అన్న గుర్తు వాళ్ల మొదటి స్లైడు మూలన ఉండాలి.

సదస్సు అయిపోయాక ఎంతమంది వచ్చారని లెక్కేస్తారు కదా, రానివాళ్ల లెక్క కూడా వేయండి. అబ్‌స్ట్రాక్టు ఎంపికైనా వీసా రాక ఆగినవాళ్లు, గ్రాంటు అందక ఆగినవాళ్లు, ఏ దేశాలవాళ్లో నివేదికలో అచ్చేయండి. వాళ్ల రిజిస్ట్రేషన్ ఫీజు అడక్కముందే వెనక్కి పంపండి. వాళ్ల పోస్టరు ప్రింటు తీయించి హాల్లో పెట్టారా, ఎవరైనా పక్కన నిలబడి వివరించారా, వచ్చిన ప్రశ్నలు వాళ్లకి చేరాయా చూడండి. అబ్‌స్ట్రాక్టుల సంచికలోంచి మాత్రం వాళ్ల పేరు తీసేయకండి. ఉద్యోగానికో ఫెలోషిప్‌కో దరఖాస్తు పెట్టేటప్పుడు వాళ్లకి చూపించుకోవడానికి ఉండేది ఆ పేజీయే.